మా బీడునేలలోని పూవులును పిట్టలును

ఎడారిలో పూవులు పూయునని చెప్పినచో మన సోదరీమణులలో పలువురు నమ్మకపోవచ్చును. ఎడారి యనగానే ఇసుకయు, ఒంటెలును, ఎండమావులును మాత్రమే కన్నుల యెదుట నిలుచును. నేనును చిరకాలము అట్లే తలచుచుంటిని. దక్షిణ అమెరికాలో చిలీ దేశమున అటకామా యను ఎడారి కలదు. భూమండలము నందలి మిక్కిలి పొడి ప్రదేశములలో అది యొకటి. ఏండ్ల తరబడి చినుకు రాలని తావులు అచ్చట కలవు. అయినను ఎన్నడో యొక యేట వాన పడెనా, ఇసుకలో నిదురించుచున్న విత్తులు ఒక్కుమ్మడిగా మేలుకొని, కొద్ది వారములలోనే నేలయంతయు ఊదాపూవులతోను తెల్లపూవులతోను నిండిపోవును. 2015లో అట్టి పూత విస్తారముగా వచ్చెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో డెత్ వ్యాలీ యను ఎడారి లోయలో 2005లోను 2016లోను ఇట్లే జరుగగా, ఆ పూతను ఛాయాపటములు తీయుటకై జనులు దూరప్రాంతముల నుండి తరలివచ్చిరి.

మావారు ఈ సంగతి చదివి వినిపించినప్పుడు నేను వంటయింటి గడపలో కూర్చుండి ఎండుమిరపకాయల తొడిమలు తీయుచుంటిని. “అంత దూరము పోయి చూడగల భాగ్యము మనకెక్కడిది?” అని నేననగా వారు నవ్వి, “పోనేల? ఊరు దాటి మన పొలములవైపు ఒకమారు చూడరాదా?” అనిరి. మావారు బడిపంతులు. పిల్లలకు లెక్క చెప్పునప్పుడు జవాబు తాము చెప్పక పలక చేతికిచ్చి ఊరకుందురు. నాతోను అంతియే. ఆ మాట అని వారు బడికి పోయిరి. ఆ సాయంకాలము నేను పొలములవైపు పోయితిని.

మా తుళ్లూరు ఎడారి కాదు. కృష్ణానది మాకు ఉత్తరమున దాపుననే పారుచున్నది. మాది నల్లరేగడి. ప్రత్తియు మిరపయు పుష్కలముగా పండిన నేల. అయితే 2015లో రాజధాని నిర్మాణమునకై భూసమీకరణము జరిగి, ఈ ప్రాంతపు రైతులు సుమారు 33,000 ఎకరముల భూమి నిచ్చిరి. ఆ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను. 2019 తరువాత పనులు చాలవరకు నిలిచిపోయెను. నాగలి పోని నేల ఊరకుండునా? సర్కారుతుమ్మ మొలచి, ముండ్లతో అల్లుకొని, నాలుగైదేండ్లలో అడవియై కూర్చుండెను. ఈ చెట్టు మనది కాదు. దీని విత్తులు అమెరికా ఖండపు దీవుల నుండి వచ్చినవి. వంటచెరకునకు పనికివచ్చునని 1877లో మన కడప మండలమందలి కమలాపురమున అటవీశాఖవారు నాటించిరి. నేడది లేని గ్రామము కానరాదు. దాని నీడలో మరియొక మొక్క బ్రతుకుట అరుదు.

2024లో పనులు మరల మొదలై, ఆ కంపను యంత్రములతో పెకలించిరి. అప్పుడు నేల బయటపడెను గాని పొలములు బయటపడలేదు. గట్లు లేవు. బోదెలు లేవు. ఎవరి పొలమెక్కడనో చెప్పగలవారు లేరు. మా అత్తగారికి పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన ఎకరము ఒకటి ఆ నేలలోనే కలదు. భూసమీకరణ నియమము ప్రకారము మెట్ట ఎకరమునకు 1,000 చదరపు గజముల నివాసస్థలమును, 250 గజముల వాణిజ్యస్థలమును రావలయును. కాగితములన్నియు పెట్టెలో భద్రముగా నున్నవి. ఆ లెక్కతో ఆమెకు కొరత లేదు. మోకాళ్ల నొప్పుల చేత గడప దాటలేని ఆమె, “నా చేను ఇప్పుడెట్లున్నదో!” అని అప్పుడప్పుడు అనుచుండెడిది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకుండెను.

నేను ఛాయాపటములు తీయుట కంప తొలగింపకముందే, 2023 వానలలో ఊరి పొలిమేరయందు మొదలు పెట్టితిని. నా పరికరము చెప్పుకొనదగినది కాదు. మా అమ్మాయి చదువునకై కొనిన సెల్‌ఫోను. దానికి పగుళ్లు కూడ కలవు. మొదట నేను తీసిన పటములను ఇప్పుడు చూచిన నాకే నవ్వు వచ్చును. నిలువుగా నిలుచుండి, నడినెత్తి మీద ఎండ కాయుచుండగా, పూవును పైనుండి తీసితిని. పూవు తెల్లని మచ్చవలె నుండెను. నా నీడ మాత్రము స్పష్టముగా వచ్చెను.

క్రమముగా కొన్ని సంగతులు తెలిసినవి. పూవును చూడవలెనన్న మనము పూవంత యెత్తునకు దిగవలయును. చీర కుచ్చెళ్లు బిగించుకొని మోకాళ్లపై వంగనిది పల్లేరుపూవు పటమునకు రాదు. పల్లేరు ముల్లు ఎరుగనివారెవరు? కాని దాని పసుపుపచ్చని పూవును చూచినవారెందరు? తెల్లవారుజామున విచ్చి, ఎండ యెక్కుసరికి ముడుచుకొనును. తుత్తురుబెండ ఇందుకు విరుద్ధము. మధ్యాహ్నము దాటినగాని కన్ను తెరువదు. కావున గృహిణి యైన దానికి అనుకూలించు వేళలు రెండు కలవు. పాలు కాచి ఇంటిల్లిపాదికి కాఫీ ఇచ్చుటకు ముందు ఒక గంట, సాయంకాలము దీపము పెట్టుటకు ముందు ఒక గంట. వెలుతురును ఆ రెండు వేళలందే ఏటవాలుగా పడి, రేకుల ఈనెలు కనబడునట్లు చేయును. మన తీరిక వేళలును, మంచి వెలుతురు వేళలును కలిసివచ్చుట మన స్త్రీజాతి అదృష్టమనుకొనెదను.

పట్టణపు వారు మాసములు లెక్కింతురు గాని, పొలమునకు కార్తెలే లెక్క. మృగశిరలో తొలకరి పడగానే మొదట కానవచ్చునది పూవు కాదు, ఆరుద్రపురుగు. ఎఱ్ఱని మఖమలు గుడ్డను గోరంత కత్తిరించి నేలపై విడిచినట్లుండును. పురుగని పేరేగాని అది కీటకము కాదు. సాలెపురుగు వలె దానికి ఎనిమిది కాళ్లు కలవు. మా బడిపిల్లలు దానిని అగ్గిపెట్టెలలో దాచుదురు. ఇప్పుడు దాచుట మాన్పించి పటము తీయుట నేర్పితిమి. అది నడచుచునే యుండును గనుక పటము తీయుట సుళువు కాదు. ముందు పోవు దారిలో ఫోను నేలపై నానించి, దాని రాక కెదురుచూడవలయును. వెంటబడినచో వెనుక భాగము మాత్రమే దొరకును.

ఆరుద్ర, పునర్వసు కార్తెలలో చినుకులు సాగినచో పది దినములలో బీడు ముఖమే మారిపోవును. కుక్కవామింట పసుపుపచ్చగను, వామింట తెల్లగను, వెంపలి లేతయూదాగను పూయును. తుమ్మిపూల తెల్లదనము చెప్పనలవి కాదు. చెంచలికూర మొలకలు కోడిపిల్లల వలె గుంపులు గుంపులుగా వచ్చును. దానిని నేను పటము తీసిన పిమ్మట కొంత కోసుకొని పప్పులో వేయుదునని ఒప్పుకొనవలసియున్నది. అనంతవరము కొండవైపు గరపనేలలో విష్ణుక్రాంతము నీలపు చుక్కలవలె నేలను అంటియుండును. తంగేడు కొండ యడుగున పసిడి పోసినట్లుండును. తెలంగాణము వారికి అది బతుకమ్మ పూవు, రాష్ట్ర పుష్పమును. మన ఆంధ్రప్రదేశమునకు 2018లో మల్లెను రాష్ట్ర పుష్పముగా ప్రకటించిరి. మల్లెపై నాకు కోపము లేదు గాని, నీరు పోయు చేయి లేకయే పూయు తంగేటిపై పక్షపాతము కలదు.

ఈ విత్తులన్నియు ఎక్కడనుండి వచ్చినవి? కొన్ని గాలితోను, పక్షులతోను వచ్చినవే. కాని పెక్కు విత్తులు సర్కారుతుమ్మ క్రింద, అంతకుముందు ప్రత్తిచాళ్ల క్రింద, మట్టిలోనే యుండెను. కొన్ని విత్తుల పైపొర గట్టిది. ఎండకు, తేమకు మరల మరల లోనై పగిలినగాని నీరు లోనికి పోదు. కొన్నిటికి వెలుతురు సోకినగాని మేలుకొను బుద్ధి పుట్టదు. చిలీ ఎడారిలో నున్న ఏర్పాటే మా రేగడిలోను కలదు. గట్లు చెరిపివేసిన యంత్రమే అడుగుమట్టిని పైకి తెచ్చి ఈ పూవులకు దారి యిచ్చెను. తారురోడ్డు పడిన తావున మాత్రము ఇంకెన్నడును మొలువవు. ఈ పటములు తీయుటలో నాకు తొందర పుట్టుటకు కారణమదియే.

చిన్ననాడు మా తండ్రిగారు నాకు అమరకోశము వల్లె వేయించిరి. ద్వితీయకాండమున వనౌషధివర్గము కలదు. ఒక్క ఉత్తరేణికే అపామార్గము, శైఖరికము, మయూరకము మొదలుగా ఎన్నో పేర్లు నోటికి వచ్చినవి. కాని ఉత్తరేణి మొక్కను ఎదుట నిలిపి ఇదేమని యడిగినచో పెండ్లియగు వరకు చెప్పలేకపోయితిని! వినాయకచవితినాడు ఇరువది యొక్క పత్రితో పూజ చేయుదుము. అందు దూర్వారము, అర్కము, అపామార్గము, విష్ణుక్రాంతము అన్నియు కలవు. అంగడిలో కట్టగా కొని, ఏ యాకు ఏదియో తెలియకయే మంత్రమునకొక యాకు వేయుచున్నాము. 2025 చవితికి మా బడిపిల్లలు కట్ట కొనలేదు. పత్రి పేర్ల పట్టిక చేతబట్టి, పొలములకు పోయి, దొరికిన మొక్కలకెల్ల పటములు తీసి, ఆకులు కొద్దిగా మాత్రము కోసి తెచ్చిరి. మాచీపత్రము, దేవదారువు దొరకలేదు. వానికి బదులు అక్షతలు వేసితిమి.

పేర్లు చెప్పుటలో మాకు గురువు అత్తగారే. ప్రతి సాయంకాలము ఫోను ఆమె చేతికిత్తును. కండ్లజోడు సవరించుకొని ఒక్కొక్క పటమును వ్రేలితో పెద్దది చేసి చూచి, “ఇది అటికమామిడి. ఇది గలిజేరు కాదమ్మాయీ, చూడు, కాడ ఎఱ్ఱగా లేదూ?” అనును. అమరసింహునికి తెలియని పేర్లు ఆమెకు తెలియును. ఏది పశువు తినును, ఏది తిన్నచో పాలు చేదగును, ఏది వాపునకు కట్టుదురు, అన్నియు చెప్పును. నేను వాని నన్నిటిని తేదీతోను, స్థలముతోను నోటుపుస్తకమున వ్రాయుచున్నాను. వయ్యారిభామను చూపినప్పుడు మాత్రము ఆమె, “ఇది మా చిన్నతనంలో లేదు” అనెను. నిజమే. అది 1950 తరువాతనే మన దేశమున వ్యాపించిన విదేశీ మొక్క. పూవు ముచ్చటగా నుండును గాని దాని సోకున దద్దురులును, ఉబ్బసమును వచ్చును. దానిని పిల్లలచేత ముట్టింపరాదు.

పూవులు మనలను చూచి పారిపోవు. పిట్టలు పారిపోవును. ఇక్కడనే నావలన ఒక తప్పు జరిగినది. దానిని దాచి ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదని తోచుచున్నది.

2024 రోహిణీ కార్తెలో, రోడ్డు కొఱకు ఎప్పుడో పోసి వదలివేసిన కంకరపై తీతువు జంట యొకటి గ్రుడ్లు పెట్టినది. తీతువు కూత అపశకునమని మన పెద్దలందురు. పాపము, దాని గూటిదిక్కునకు మనమే పోయి, అది అరచినచో అపశకునమనుట ఏమి న్యాయమో! అది గూడు కట్టదు. వట్టి నేలపై చిన్న పల్లము చేసి, నాలుగు గులకరాళ్ల నడుమ నాలుగు గ్రుడ్లు పెట్టును. మట్టిరంగుపై నల్లమచ్చలు. రెండడుగుల దూరమున నిలిచినను ఏది రాయో ఏది గ్రుడ్డో తెలియదు. ఎండ తీవ్రమైనప్పుడు తల్లియో తండ్రియో నీటికి పోయి, పొట్టయీకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లార్చును. ఈ సంగతి చదివిన నాటి నుండి ఆ తడిసిన యీకల పటము తీయవలెనను కోరిక నన్ను పట్టుకొన్నది.

ఆ దారిన పశువులను మేపు అవ్వ యొకతె నన్ను చూచి, “అమ్మగారూ, అవి తీతువు గుడ్లు. దగ్గరికి పోమాకండి” అనెను. నేను వింటిని గాని విననట్లే చేసితిని. రెండు మూరల దూరమున చిన్నపీట వేసి, దానిపై ఫోను నిలిపి, పది సెకండ్లకొక పటము దానంతట అదే తీయునట్లు అమర్చి, దూరముగా తూముపై కూర్చుంటిని. జంట తలపై తిరుగుచు అరచుచుండెనే గాని దిగలేదు. అలవాటు పడునని తలచితిని. అరగంట గడచెను. రోహిణి యెండ రోళ్లు పగులునందురు. ఆ యెండలో నాలుగు గ్రుడ్లును ఆచ్ఛాదనము లేక పడియుండెను. అప్పుడు దూరముననున్న వేపచెట్టు మీది నుండి కాకి యొకటి వచ్చెను. మనుష్యులు వంగి చూచిన తావున ఏదియో యుండునని కాకికి తెలియును. నేను లేచి పరుగెత్తునప్పటికి ఒక గ్రుడ్డు పోయెను. ఫోను తీసికొని వెనుదిరిగితిని. మరునాడుదయము పోయి చూడగా నాలుగును లేవు. పెంకు ముక్కలు రెండు కంకరలో నుండెను.

ఇంటికి వచ్చి పటములు చూచితిని. దాదాపు రెండు వందలు కలవు. తడిసిన యీకలు లేవు, తల్లి లేదు. కడపటి మూడింటిలో కాకి కలదు.

పంచతంత్రమున టిట్టిభ దంపతుల కథ మనమందరము ఎరుగుదుము. సముద్రపు టొడ్డున పెట్టిన గ్రుడ్లను సముద్రుడు హరింపగా, ఆ చిన్న పక్షులు పట్టు విడువక తమ గ్రుడ్లను తిరిగి సంపాదించుకొన్నవి. టిట్టిభమనగా తీతువే. ఈ కథను మా అమ్మాయికి ఎన్నిమారులో చెప్పితిని. ఆ రాత్రి, “అమ్మా, ఇప్పుడు సముద్రుడెవరు?” అని అది యడిగెను. నేను నిదుర వచ్చుచున్నదని చెప్పి దీపము ఆర్పితిని.

పక్షుల పటములు తీయుట మొదలైన నాటనుండియు ఈ చిక్కు కలదు. ఇంగ్లండు దేశమున రిచర్డు కీర్టన్, చెర్రీ కీర్టన్ అను సోదరులు 1892లో గ్రుడ్లతో నున్న పక్షిగూటిని మొట్టమొదట ఛాయాపటము తీసినవారని ప్రసిద్ధి. పక్షులు బెదరకుండుటకై వారు ఎద్దుతోలును పొట్టతీసి నిలువుగా నిలిపి, దానిలోపల దూరి కూర్చుండెడివారట! చదువునప్పుడు నవ్వు వచ్చును గాని, ఎద్దును చూచి పిట్ట బెదరదనియు, మనిషిని చూచి బెదరుననియు వారు గ్రహించిరి. ఆ గ్రహింపు నాకు లేకపోయెను.

మన ఆంధ్రదేశముననే ఇంతకంటె పెద్ద ఉదాహరణము కలదు. కలివికోడి పేరు మీరు వినియుందురు. కడప మండలపు ముండ్లపొదల నేలలో తిరుగు చిన్న పక్షి. పగలు కానరాదు. రాత్రివేళ మాత్రమే పొదల నడుమ పరుగెత్తుచు పురుగులను ఏరుకొనును. మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ అను ఆంగ్లేయుని ద్వారా 1848లో దీనిసంగతి లోకమునకు తెలిసెను. 1900లో అనంతపురము దరిని కనబడిన పిమ్మట ఎనుబదియైదు సంవత్సరములకు పైగా ఎవరి కంటను పడలేదు. నశించినదనియే అందరును తలచిరి. 1985 నుండి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఊరూర దాని బొమ్మ చూపి విచారింప మొదలిడిరి. 1986 జనవరిలో సిద్ధవటము ప్రాంతమున ఐతన్న యను స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుతురులో దానిని పట్టుకొనెను. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అచ్చటికి చేరునప్పటికి ఆ పక్షి ప్రాణము విడిచెను. అది బ్రతికియున్నదని లోకమునకు తెలిసిన దినములలోనే ఆ యొక్కటి మరణించెను. ఇందు ఎవరిని నిందింపగలము? ఐతన్న చూపినందుననే తక్కినవానికి రక్షణ కలిగెను. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. పిమ్మట తెలుగుగంగ కాలువ దాని నివాసము మీదుగా పోవనుండగా, కాలువ దారియే మార్చిరి.

ఆ తరువాత పరిశోధకులు దానిని పట్టకయే వెదకు దారి చూచిరి. జగన్నాథన్ అను శాస్త్రజ్ఞుడు పొదల నడుమ మెత్తనిమట్టి పట్టీలు పరపించి, తెల్లవారిన పిమ్మట వానిపై అడుగుజాడలు వెదకెను. జాడలు పడిన తావులలో కెమెరాలను కట్టి మనుష్యులు వెడలిపోయిరి. పక్షి ముందుకు రాగానే కెమెరా తానే పటము తీయును. కన్నులతో చూచినవారు బహుస్వల్పమైన ఆ పక్షి, ఎవరును లేని రాత్రివేళ, తన దారిన తాను పోవుచు పటమునకు చిక్కెను. నా పీట మీద ఫోను కూడ తానే పటము తీసినది. కాని భేదము చూడుడు. వారు దారిలో పెట్టిరి, నేను గ్రుడ్ల యొద్ద పెట్టితిని. కలివికోడి గూటిని ఈ కాలమున చూచినవారు లేరు. లోకమున తెలిసిన దాని గ్రుడ్డు ఒక్కటే. 1917లో కోలారు ప్రాంతమున దొరికిన ఆ గ్రుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. చిరకాలము జాడ లేకపోయిన పిమ్మట, 2025 ఆగస్టులో దాని కూత విని నమోదు చేసితిమని కొందరు పక్షిపరిశీలకులు తెలిపిరి. ఆ వార్త చదివిన నాడు మా యింట పండుగ.

2025 మాఘమాసపు సెలవులలో మావారితో రోళ్లపాడు పోయితిని. నంద్యాల మండలమందలి ఆ గడ్డిమైదానమును బట్టమేకపిట్ట కొఱకు 1988లో అభయారణ్యము చేసిరి. అదియు నేలపైననే, ఏటికి సాధారణముగా ఒక్కటే గ్రుడ్డు పెట్టును. మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. ఇప్పుడచ్చట అది కానవచ్చుట లేదు. ఉన్నవి ఏ కొద్దియో రాజస్థానపు ఎడారివైపు మిగిలినవి. రోళ్లపాటిలో కృష్ణజింకలను మాత్రము కన్నులార చూచితిమి. అభయారణ్యమున పటములు తీయుటకు అటవీశాఖ అనుమతి కావలయును. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున నున్న నియమము. మేము అనుమతి తీసికొని, అచ్చటి కావలివాడు చూపిన గీత దాటక నిలుచుంటిమి. నా ఫోనులో జింకలు చీమలంత వచ్చినవి. గడ్డి మాత్రము బాగుగ వచ్చినది. ప్రక్కన నిలిచిన ఒక పెద్దమనిషి మూరెడు పొడుగు కెమెరా పట్టుకొని, జింకలు తలయెత్తవలెనని చప్పట్లు కొట్టెను. కావలివాడు చేసిన మందలింపును ఇక్కడ వ్రాయను గాని, నా మనస్సునకు మిక్కిలి హాయిగా నుండెను.

మీలో ఎవరికైన ఈ పని చేయవలెనని తోచినచో, పెరటిగోడ వెంబడి మొలచినదానితోనే ఆరంభింపవచ్చును. పూవు ప్రక్కన రూపాయి బిళ్ల నుంచి ఒక పటము తీసినచో పరిమాణము తెలియును. పూవొక్కటే కాక ఆకు, ఆకు వెనుక భాగము, కాయ కూడ తీయవలయును. పేరు తెలియుటకు ఇవి పూవుకంటె నెక్కువగా ఉపకరించును. తేదీ వ్రాయుట మరువరాదు. బాగుగ కనబడుటకై అడ్డముగానున్న గడ్డిని పెరుకుట, పూవును త్రుంచి వేరొకచోట నిలుపుట నాకు సమ్మతము కాదు. ఐనేచురలిస్ట్ మొదలగు తావులలో మన పటముల నుంచినచో తెలిసినవారు పేరు చెప్పుదురు. అట్లు నేను నేర్చుకొన్నవి చాల కలవు. పిట్టలు గ్రుడ్లు పెట్టిన చోటు మాత్రము ఎవరికిని తెలుపరాదు. పాముల సంగతి వేరుగా చెప్పనక్కరలేదనుకొందును. బీడులో కాలు పెట్టునప్పుడు కఱ్ఱతో నేలను తట్టుచు పొండు.

2025 వైశాఖమున ఆ కంకరవైపే తీతువుల అరపు మరల వినబడెను. ఆ జంటయో, వేరొక జంటయో చెప్పజాలను. ఈమారు తూము దాటి పోలేదు. తూముకును వానికిని నడుమ నూరడుగులకు తక్కువ లేదు. ప్రతిదినము ఉదయము అక్కడనే కూర్చుండి ఒకే ఒక పటము తీసి వచ్చుచుంటిని. మావారు, “నిన్నటి పటమునకును నేటి పటమునకును భేదమేమి?” అని పరిహాసమాడిరి. నాలుగు వారములు గడచెను. ఒకనాడు కంకరపై పిట్ట కూర్చుండియుండలేదు. నాకు కాళ్లు ఆడలేదు. లేచి చూతమా అనుకొని, మరల కూర్చుంటిని. కొంతసేపటికి గడ్డిలో ఏదియో కదలెను. తల్లి ముందు, దాని వెనుక బూడిదరంగు పత్తికాయలవంటివి మూడు, కాళ్లు వచ్చి నడచుచున్నట్లు నడచుచుండెను. తీతువుపిల్లలు పొదిగిన దినముననే నడచునని తరువాత తెలిసికొంటిని. పటము తీసితిని.

ఆ సాయంకాలము దానిని అత్తగారికి చూపితిని. అందు పిట్ట మినపగింజంత కలదు. పిల్లలైతే నువ్వుగింజలు. “తల్లి ఇదిగో, పిల్లలివిగో” అని వ్రేలితో చూపితిని. ఆమె నా వ్రేలిని ప్రక్కకు తీసి, పటమును పైకి జరిపి, వెనుక నెక్కడనో అస్పష్టముగా నున్న వేపచెట్టును పెద్దది చేసెను. చాలసేపు చూచెను. ఎడమవైపు కొమ్మ నరికిన మోడు దగ్గర ఆమె వ్రేలు నిలిచెను.

“అమ్మాయీ, ఇది మన చేనే. నా పెళ్లిపందిరికి మా నాయన కొట్టించిన కొమ్మ ఇదే” అనెను. పిదప కండ్లజోడు తీసి తుడుచుకొని, “పిట్టలేవీ, ఇప్పుడు చూపించు” అనెను.